లోహాన్ని పట్టే బొగ్గు - పట్టిన లోహం యెవరి వాడకు?

మన దేశంలో నీళ్ళ గొడవ అంటే ఇంతకాలం ఒక్కటే ప్రశ్న: యెవరు ముట్టుకోవాలి, యెవరు ముట్టుకోకూడదు? 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళను దోసిట పట్టి తాగి అంబేద్కర్ ఆ ప్రశ్నను నడిబజార్లో పెట్టారు. ఆ తర్వాత అక్కడి అగ్రకులాలు పాలు, పెరుగు, పేడ, ఆవు మూత్రం కుండలకొద్దీ పోసి ఆ చెరువును 'శుద్ధి' చేసుకున్నాయి. 1985 జూలైలో కారంచేడు మారణకాండకు కూడా మొదలు చెరువు దగ్గరే. మేం తాగే నీళ్ళు ఖరాబు చెయ్యొద్దని మాదిగలు అడగడమే అక్కడ నేరమైంది.

చవదార్ చెరువులో శుద్ధి చెయ్యాల్సింది యేమీ లేదు. దళితుల చేతుల నుంచి నీళ్ళలోకి దిగిన 'అంటు' యే తక్కెడలోనూ తూగదు, యే పరీక్షలోనూ దొరకదు. కాని నిజంగానే అంటు వున్న నీళ్ళు వేరే వున్నాయి. వాటిలో సీసం, కాడ్మియం, పాదరసం, క్రోమియం వుంటాయి. వాటిని లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని తూచి చెప్పొచ్చు. ఆ నీళ్ళ దగ్గరికి మాత్రం కుండలు పట్టుకుని యెవరూ శుద్ధికి రారు. ఆ నీళ్ళు యెక్కువగా మన వాడల పక్కనే పారుతుంటాయి.

ఈ లోహాలను నీళ్ళ నుంచి తీసే పద్ధతుల్లో ఒకటి, రసాయనాలు పట్టించిన ఉత్తేజిత బొగ్గు వాడడం. అది యెట్లా పనిచేస్తుంది, యెక్కడ పనిచెయ్యదు అన్నది వివరించడమే ఈ వ్యాసం పని. దాంతోపాటు ఒక మాట ముందే చెప్పుకుందాం. బొగ్గు లోహాన్ని పట్టుకుంటుందేగాని చంపదు. లోహం నీళ్ళలోంచి బొగ్గులోకి, బొగ్గులోంచి బురదలోకి చోటు మారుతుంది, అంతే. ఆ కొత్త చోటు యెవరి పక్కన అనేది రసాయనశాస్త్రం తేల్చదు, కులం తేలుస్తుంది.

లంద నుంచి క్రోమ్ దాకా

క్రోమియం సంగతి తీసుకుంటే విషయం తేటగా అర్థమవుతుంది, యెందుకంటే అది తోలుతో ముడిపడ్డ లోహం. మాదిగ లందలో తోలు తయారవడానికి సున్నం కావాలి, తంగేడు చెక్క కావాలి, కరక్కాయ కావాలి. సున్నం వెంట్రుకను వదిలిస్తుంది. చెక్కలోనూ కాయలోనూ వుండే వగరు పదార్థం చర్మంలోని మాంసకృత్తులకు అంటుకుని అది కుళ్ళకుండా కాపాడుతుంది. పచ్చి చర్మాన్ని చెప్పుగా, తొండంగా, డప్పుగా మార్చిన ఈ విద్య వూరి వ్యవసాయాన్ని నిలబెట్టింది. విద్యకు దక్కిన పేరు మాత్రం అంటరానితనం.

క్రోమియం లవణంతో తోలు పదును చేసే పద్ధతికి 1884లో అమెరికాలో పేటెంటు వచ్చింది. 1900ల తొలి యేళ్ళలో అది మద్రాసుకు చేరింది. చెక్కతో వారాలు పట్టే పని క్రోమ్‌తో ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. తోలు మెత్తగా వుంటుంది, వేడికి తట్టుకుంటుంది. అయినా చాలాకాలం మన దక్షిణాది నుంచి విదేశాలకు పోయింది చెక్కతో సగం పదును చేసిన తోలే. 1972లో సీతారామయ్య కమిటీ సిఫార్సుల తర్వాత కేంద్రప్రభుత్వం సగం పదును చేసిన తోలు యెగుమతుల మీద ఆంక్షలు పెట్టి, పూర్తిగా తయారైన తోలే పంపాలంది. డాలర్లు పెరిగాయి. వాటి వెనకే క్రోమ్ పెరిగింది. రాణిపేట, వాణియంబాడి, ఆంబూరు, దిండిగల్ చుట్టూ కార్ఖానాలు లేచాయి.

ఇది తమిళనాడు గొడవ, మనకెందుకు అనుకోవద్దు. పాలారు నది కర్ణాటకలో పుట్టి చిత్తూరు జిల్లా కుప్పం ప్రాంతం మీదుగానే ఆ వూళ్ళకు పోతుంది. తమిళనాడులో తోలుపని, పాకీపని అంటగట్టబడిన అరుంధతియార్లలో చాలామంది ఇంట్లో ఈనాటికీ తెలుగే మాట్లాడతారు. మన లంద, వాళ్ళ లంద ఒకటే.

చర్మానికి పెట్టిన క్రోమియంలో సుమారు 60 నుంచి 70 శాతమే చర్మం తీసుకుంటుంది. మిగతాది నీళ్ళలో పోతుంది. 1996 ఆగస్టు 28న వెల్లూరు పౌరుల సంక్షేమ వేదిక కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఆ లెక్కలు వున్నాయి. కిలో తోలు తయారవడానికి 35 లీటర్ల నీళ్ళు. కార్ఖానాలు 900కు పైగా. సాగుకు పూర్తిగానో కొంతగానో పనికిరాకుండా పోయిన భూమి దాదాపు 35,000 హెక్టార్లు. దిండిగల్ దగ్గర 13 వూళ్ళలో చూసిన 467 బావుల్లో 350 చెడిపోయాయి. రాణిపేటలో క్రోమియం లవణాలు తయారుచేసిన ఒక ఫ్యాక్టరీ 1990ల మధ్యలో మూతపడుతూ లక్షన్నర టన్నుల దాకా క్రోమియం చెత్తను ఆరుబయట గుట్టగా వదిలేసిపోయింది.

రెండు క్రోమియంలు

లోహం ఒకటే అయినా నీళ్ళలో దాని రూపాలు రెండు. తోలుకు వాడేది క్రోమియం-3. ఇది అంత సులువుగా శరీర కణాల్లోకి పోదు, అందుకే దాని విషం తక్కువ. క్రోమియం-6 అట్లా కాదు. చూడ్డానికి సల్ఫేటులాగా వుండి, సల్ఫేటు పోయే దారిలోనే కణంలోకి దూరుతుంది. లోపల మార్పు చెందుతూ జన్యుపదార్థాన్ని దెబ్బతీస్తుంది. ఇది క్యాన్సర్ కారకమని తేలింది. క్రోమియం లవణాల ఫ్యాక్టరీ చెత్తలో అసలు సమస్య ఇదే. క్రోమియం-3 కూడా యెప్పటికీ అట్లాగే వుంటుందన్న భరోసా లేదు. మట్టిలో మాంగనీసు ఆక్సైడులు తగిలినా, తోలు ముక్కలనూ బురదనూ ఇష్టమొచ్చినట్టు తగలబెట్టినా అందులో కొంత క్రోమియం-6గా మారవచ్చు.

తాగేనీటి భారత ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం లీటరు నీళ్ళలో మొత్తం క్రోమియం 0.05 మిల్లీగ్రాములు దాటకూడదు. సీసం 0.01, కాడ్మియం 0.003, పాదరసం 0.001. ఈ మోతాదుల్లో రంగుండదు, వాసనుండదు, రుచి తేడా తెలియదు. పచ్చగా కనిపించే దాకా క్రోమియం-6 చేరిందంటే పరిస్థితి యెప్పుడో చెయ్యిదాటినట్టే.

మామూలు బొగ్గు చేసే పని

కొబ్బరి చిప్పనో, కట్టెనో, వేరుశనగ పొట్టునో గాలి తగలకుండా కాలిస్తే బొగ్గవుతుంది. దాన్ని 800 నుంచి 1,000 డిగ్రీల వేడిలో ఆవిరి పట్టిస్తే లోపల లెక్కలేనన్ని సన్నని రంధ్రాలు తెరుచుకుంటాయి. లేదంటే ముడిసరుకును ఫాస్ఫారిక్ ఆమ్లంలోనో, జింక్ క్లోరైడులోనో నానబెట్టి ఇంకొంచెం తక్కువ వేడిలో కాల్చొచ్చు. ఇట్లా తయారైందే ఉత్తేజిత బొగ్గు. ఒక్క గ్రాములో రంధ్రాల గోడలన్నీ పరిచి కొలిస్తే 500 నుంచి 1,500 చదరపు మీటర్లు వస్తాయి. వెయ్యి చదరపు మీటర్లంటే పావెకరం. చిటికెడు బొగ్గులో పావెకరం చోటుందన్నమాట.

నీళ్ళలోని పదార్థం వచ్చి ఈ గోడలకు అంటుకోవడాన్ని అధిశోషణం అంటారు. శోషణం వేరు. స్పాంజి నీళ్ళు పీల్చుకోవడం శోషణం, గోడకు దుమ్ము అంటుకోవడం అధిశోషణం. రంగు, వాసన, పురుగుమందు, క్లోరిన్ లాంటివాటిని మామూలు ఉత్తేజిత బొగ్గు బాగానే పట్టుకుంటుంది. లోహాల దగ్గరికొచ్చేసరికి చతికిలబడుతుంది. కారణం, లోహం నీళ్ళలో విద్యుదావేశం వున్న అయానుగా వుంటుంది. చుట్టూ నీటి అణువులను దుప్పటిలాగా కప్పుకుని తిరుగుతుంది. శుభ్రమైన బొగ్గు గోడ మీద దాన్ని పట్టి నిలబెట్టే కొక్కేలు చాలా తక్కువ. చోటుంటే చాలదు, పట్టు వుండాలి.

రసాయనం పట్టించడమంటే

ఆ కొక్కేలు తగిలించడానికే రసాయనం. బొగ్గును నత్రికామ్లంలోనో, హైడ్రోజన్ పెరాక్సైడులోనో వుంచితే దాని గోడల మీద ఆక్సిజన్ చేరి కార్బాక్సిల్, ఫినాల్ సమూహాలు యేర్పడతాయి. ఇవి ఆమ్ల గుణం వున్న సమూహాలు. నీళ్ళలో తమ హైడ్రోజన్ అయానును వదిలి ఆ చోట్లో సీసం, కాడ్మియం, రాగి, నికెల్ లాంటి ధనావేశం వున్న లోహాన్ని పట్టుకుంటాయి. ఒకటి ఇచ్చి ఒకటి పుచ్చుకోవడమే.

పాదరసానికి గంధకమంటే మక్కువ. అందుకని దాన్ని పట్టడానికి బొగ్గుకు గంధకం పట్టిస్తారు. ఆర్సెనిక్ కోసం ఇనుప లవణంలో నానబెట్టి ఇనుప ఆక్సైడు పూత వచ్చేట్టు చేస్తారు. 1990ల్లో కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వేరుశనగ పొట్టుతో బొగ్గు చేసి కాడ్మియాన్నీ సీసాన్నీ పట్టొచ్చని చూపించారు. వేరుశనగ పొట్టుకు అనంతపురంలో కొదవ లేదు గదా. ముడిసరుకు ఖరీదు ఇక్కడ అడ్డంకి కాదు.

క్రోమియం-6 సంగతి వేరు. అది నీళ్ళలో క్రోమేటుగా, అంటే రుణావేశంతో వుంటుంది. నత్రికామ్లం పట్టించిన బొగ్గు గోడ కూడా మామూలు నీళ్ళలో రుణావేశంతోనే వుంటుంది. రెండూ ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. సీసానికి మంచిదైన బొగ్గే క్రోమియం-6కు చెడ్డదవుతుంది. క్రోమియం-6కు బొగ్గు మీద ధనావేశం కావాలి. అందుకు అమైను సమూహాలు చేర్చడమో, ఇనుము పట్టించడమో చేస్తారు. కాబట్టి 'అన్ని లోహాలనూ పట్టే బొగ్గు' అని యెవరైనా అమ్మజూపితే, యే లోహానికి, యెట్లాంటి నీళ్ళలో పరీక్షించారో అడగాలి.

పులుపు లెక్క

యెట్లాంటి నీళ్ళలో అనడానికి కారణం పి.హెచ్., అంటే నీళ్ళ పులుపు. పులుపు యెక్కువైతే నీళ్ళనిండా హైడ్రోజన్ అయాన్లుంటాయి. అవి సీసంతో పోటీపడి కొక్కేలన్నీ ఆక్రమిస్తాయి. పి.హెచ్. 5, 6 మధ్య సీసం బాగా పడుతుంది. ఇంకా పైకి పోతే సీసం హైడ్రాక్సైడుగా అడుక్కు దిగిపోతుంది, అప్పుడది బొగ్గు గొప్పతనం కాదు. క్రోమియం-6ది పూర్తిగా తలకిందులు. పి.హెచ్. 2, 3 దగ్గర బొగ్గు గోడ ధనావేశంతో వుండి క్రోమేటును లాక్కుంటుంది. అంతేకాదు, ఆ పులుపులో బొగ్గే క్రోమియం-6ను క్రోమియం-3గా మార్చేస్తుంది కూడా.

ప్రయోగశాలల్లో క్రోమియం-6 మీద వచ్చే గొప్ప ఫలితాలు చాలావరకు ఈ పులుపులో వచ్చినవే. బావి నీళ్ళ పి.హెచ్. 7, 8 మధ్య వుంటుంది. అక్కడ ఆ బొగ్గు పనితనం బాగా పడిపోతుంది. బావి నీళ్ళలో సల్ఫేటు, కాల్షియం లాంటివి కూడా వుంటాయి. అవీ వచ్చి చోటు ఆక్రమిస్తాయి. శుద్ధమైన నీళ్ళలో ఒకే లోహం కలిపి చేసిన ప్రయోగానికీ వాడ బోరింగు నీళ్ళకూ మధ్య వున్న ఈ దూరాన్ని దాచిపెడితే అది మోసం కిందికే వస్తుంది.

యెంత పడుతుంది?

బొగ్గుకు ఒక హద్దుంది. 1918లో లాంగ్మ్యూర్ చెప్పిన సూత్రం సారం ఇదే: గోడ మీద చోట్లు ఇన్నేనని లెక్క వుంటుంది, అవి నిండితే ఆపైన పట్టేదేమీ వుండదు.

లెక్క కోసం ఒక గ్రాము బొగ్గు 20 మిల్లీగ్రాముల క్రోమియం పడుతుందనుకుందాం. కిలో బొగ్గు 20 గ్రాములు పడుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము క్రోమియం వున్న నీళ్ళయితే కాగితం మీద 20,000 లీటర్లు శుద్ధి కావాలి. తాగడానికీ వంటకూ రోజుకు 20 లీటర్లు వాడే ఇంటికి అది వెయ్యి రోజులు. 500 ఇళ్ళ వాడకైతే కిలో బొగ్గు రెండు రోజులు. కాగితం మీది లెక్కను నేల మీద బాగా తగ్గించుకోవాలని పైన చెప్పుకున్నాం.

ఇప్పుడు కార్ఖానా వైపు చూడండి. వెయ్యి కిలోల తోలుకు 35,000 లీటర్ల నీళ్ళు. అందులో లీటరుకు 100 మిల్లీగ్రాముల క్రోమియం వుందనుకుంటే మొత్తం మూడున్నర కిలోలు. అదే సామర్థ్యమున్న బొగ్గు ఒక్క రోజుకే 175 కిలోలు కావాలి. ఇది జరిగే పని కాదు. అందుకే క్రోమ్ నీళ్ళను మిగతా నీళ్ళలో కలవనివ్వకుండా విడిగా పట్టి, మెగ్నీషియం ఆక్సైడు లాంటి క్షారంతో క్రోమియాన్ని అడుక్కు దింపి, గంధకామ్లంలో కరిగించి మళ్ళీ తోలుకే వాడాలి. ఈ పద్ధతి యెప్పటినుంచో వుంది. బొగ్గు పని ఆ తర్వాత మిగిలిన కాస్తను పట్టడమే. మొదటి పని యెగ్గొట్టి చివర బొగ్గు పెట్టామనే యాజమాన్యం కళ్ళకు గంతలు కడుతున్నట్టే.

ఇంట్లో ఫిల్టరు సంగతి

మన వాడల్లో చాలామంది అడిగే మాటలు కొన్నున్నాయి. నీళ్ళు కాచితే లోహం పోతుందా? పోదు. నీళ్ళు ఆవిరై లోహం ఇంకా చిక్కబడుతుంది. కుండలో ఇసుక, పొయ్యి బొగ్గు వేస్తే? మడ్డి తగ్గుతుంది, కరిగిన లోహం అంతగా తగ్గదు. అంగట్లో కొన్న ఫిల్టరులో 'కార్బన్' వుందంటే? రంగు, వాసన, క్లోరిన్ తీసేందుకు పెట్టిన బొగ్గు కావచ్చు. సీసం కోసం ప్రత్యేకంగా చేసిందా లేదా చూసుకోవాలి. ఆర్.ఓ. యంత్రం లోహాన్ని చాలావరకు తీస్తుంది. కాని తీసిన లోహమంతా పక్క గొట్టంలోంచి చిక్కటి నీళ్ళుగా బయటికొస్తుంది. వాటిని పెరట్లో మొక్కలకు పోస్తే లోహం మన నేలలోకే చేరుతుంది.

ఇంకొకటి. నిండిపోయిన బొగ్గు చప్పుడు చెయ్యదు. నీళ్ళు యెప్పట్లాగే తేటగా వస్తుంటాయి, లోహం దాటిపోతుంటుంది. ఒక్కోసారి గట్టిగా పట్టే లోహం వచ్చి, ముందు పట్టుకున్నదాన్ని నెట్టేస్తుంది. అందుకే బయటికొచ్చే నీళ్ళను నియమం ప్రకారం పరీక్ష చేయించకుండా ఫిల్టరు పెట్టడం ధీమానిచ్చి ముంచడమే.

పట్టిన లోహం యెక్కడికి?

బొగ్గు నిండాక దారులు రెండు. సీసం, కాడ్మియం పట్టిన బొగ్గును పలచని ఆమ్లంతో, క్రోమేటు పట్టినదాన్ని క్షారంతో కడిగి మళ్ళీ వాడొచ్చు. కడిగిన నీళ్ళలో లోహం ముందుకంటే యెన్నో రెట్లు చిక్కగా వుంటుంది. రెండో దారి, బొగ్గును ప్రమాదకర వ్యర్థంగా లెక్కగట్టి, అడుగున పొరలు పరిచిన గోతిలో కప్పెట్టడం. యే దారి పట్టినా యెవరో ఒకరు ఆ తొట్టిలోకి దిగాలి, ఆ బురద యెత్తాలి, ఆ లారీ నింపాలి, ఆ గోతి పక్కన బతకాలి.

2015 జనవరి 31న రాణిపేటలో కార్ఖానాలన్నిటికీ కలిపి కట్టిన శుద్ధి కేంద్రంలో బురద తొట్టి గోడ కూలింది. ఆ బురద పక్కనున్న తోలు కార్ఖానాలో నిద్రపోతున్న కార్మికుల మీద విరుచుకుపడింది. పదిమంది చనిపోయారు. వాళ్ళలో యెక్కువమంది పశ్చిమ బెంగాల్ నుంచి పొట్టచేతబట్టుకుని వచ్చినవాళ్ళు. ఆ బురద యెక్కడిది? నీళ్ళను శుద్ధి చెయ్యగా మిగిలింది. నది బాగుపడాలని కోర్టు చెప్పింది, కేంద్రం కట్టారు, లోహం నీళ్ళలోంచి బురదలోకి మారింది, బురద మనుషుల్ని మింగింది. 1996 తీర్పు వచ్చి ఇరవై యెనిమిదేళ్ళు గడిచాక, 2025 జనవరి 30న సుప్రీంకోర్టు అదే పాలారు కాలుష్యం మీద, బాధితులకు పరిహారం కట్టించి ఆ సొమ్ము కాలుష్యం చేసినవాళ్ళ నుంచి రాబట్టాలని మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

తోలు తొట్టెల్లో ఇంకో గండం కూడా వుంది. వెంట్రుక వదిలించడానికి వాడే సల్ఫైడుకు ఆమ్లం తగిలితే హైడ్రోజన్ సల్ఫైడు వాయువు పుడుతుంది. తొట్టిలోకి దిగినవాడు నిమిషాల్లో పడిపోతాడు, వాడిని తియ్యబోయినవాడూ పడిపోతాడు. 2013 చట్టం మురుగు కాలవలు, సెప్టిక్ ట్యాంకుల్లో రక్షణ లేకుండా మనుషుల్ని దించడాన్ని నేరమంది. కార్ఖానా శుద్ధి తొట్టెకూ అదే కాపలా కావాలి.

మనం అడగాల్సింది

పరిశోధనా పత్రాల్లో 'ఇంత శాతం లోహం తొలగించాం' అనే వాక్యం దగ్గరే కథ ముగుస్తుంది. మన ప్రశ్నలు అక్కడ మొదలుకావాలి. ఒకటి, ఆ శాతం యే నీళ్ళలో వచ్చింది, మా బోరింగు నీళ్ళలో వస్తుందా? రెండు, వాడల నీళ్ళలో క్రోమియం-6నూ సీసాన్నీ విడివిడిగా పరీక్షించి ఫలితాలు తెలుగులో గోడ మీద రాయాలి. మూడు, నిండిన బొగ్గుకూ బురదకూ పుట్టిన చోటి నుంచి పూడ్చిన చోటిదాకా లెక్క వుండాలి, ఆ లెక్క పంచాయతీకి చూపించాలి. నాలుగు, ఆ గోతిని యెక్కడ తవ్వుతారో తేల్చేటప్పుడు వాడ మనుషులు కూర్చోవాలి. సర్కారు భూమి ఖాళీగా వుందని వాడ పక్కనే తవ్వడం ఆగాలి. ఐదు, తొట్టెలూ బొగ్గు స్తంభాలూ నడిపేవాళ్ళకు తర్ఫీదు, జీతం, ఉద్యోగ భద్రత వుండాలి. ఇది రసాయనం తెలియాల్సిన పని, అట్లాగే గుర్తించాలి.

లందలో సున్నం యెంత, చెక్క యెంత, యెన్ని రోజులని లెక్క తెలిసినవాడు రసాయనం తెలిసినవాడే. వాడి విద్యను అంటన్నారు. దాన్ని కార్ఖానా చేసి లాభం తీసుకుని, నిజమైన అంటును తెచ్చి మళ్ళీ వాడి గుమ్మం ముందే పోశారు. బొగ్గు లోహాన్ని పట్టగలదు. దాన్ని యెవరి వాడలో దించుతారో అడగడం బొగ్గు వల్ల కాదు, మనమే అడగాలి.